నలభై ఏడవ శ్రోత

సాంటా వెలోరా గణతంత్ర రాజ్యం విస్తీర్ణంలో న్యూజెర్సీలోని ఒక కౌంటీకి కూడా సరితూగదు. జనాభా ఎనభై వేలు. సైన్యం లేదు. రైలుబండి ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా వాషింగ్టన్ మహానగరంలో ఆ ద్వీపానికొక రాయబార కార్యాలయం ఉంది, ఆ కార్యాలయంలో తెల్లటి సోఫా ఒకటి ఉంది, ఆ సోఫా మీద మంగళవారం నాడు భీమశంకరం గారిని నాలుగు గంటల పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. చివరికి, అడిగిన పదకొండు ప్రశ్నలకూ కలిపి ఒకే సమాధానంగా చేతిలో రంగుల కరపత్రం పెట్టి సాగనంపారు. ‘మా అలలు మిమ్మల్ని పిలుస్తున్నాయి’ అని ఉంది దాని మీద. పన్నెండు రోజుల కిందట ఆ అలలే జూడ్ అనే ముప్పైతొమ్మిదేళ్ల మనిషిని పిలిచి ప్రాణం తీశాయని ఆ రాజ్యపు పోలీసుల నివేదిక.

భీమశంకరం గారు పేరులో ఒక పాండవుణ్ణీ ఒక పరమేశ్వరుణ్ణీ మోస్తున్నా, నిలబడితే ఐదడుగుల మూడంగుళాలకు మించరు. ఇరవై ఆరేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కాలిన ఇళ్లనూ మునిగిన కార్లనూ పరీక్షించి, రిటైరయ్యాక న్యూజెర్సీ రాష్ట్రం వారి లైసెన్సుతో ప్రైవేట్ డిటెక్టివ్‌గా పునర్జన్మ ఎత్తారు. ఆయన దగ్గర తుపాకీ లేదు. ఉన్నదల్లా కోపం. దానికి లైసెన్సు అక్కర్లేదు.

బుధవారం పదకొండు నలభైకి ఆయన న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో, తనకు కేసు అప్పగించిన జూడ్ భార్య జెమీమా అపార్ట్‌మెంటులో అడుగుపెట్టేసరికి, ఆ కోపానికి తగిన ఆహారం సోఫా మీద సిద్ధంగా కూర్చుని ఉంది. బూడిదరంగు సూటు, ముప్పైనాలుగేళ్ల వయసు, ఒళ్లో తోలు ఫైలు. పేరు ఈషాన్. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే. సాంటా వెలోరా టూరిజం బోర్డు వారు తమ పరువును కాపాడేందుకు న్యూయార్క్‌లో నియమించుకున్న సంరక్షకుడు. ఈ పన్నెండు రోజుల్లో భీమశంకరం గారు ఏ తలుపు తట్టినా, అంతకు గంట ముందే ఈ కుర్రవాడు ఆ తలుపు మూయించి వెళ్లిపోతున్నాడు.

“అంకుల్, కమ్, కూర్చోండి. మీకు చాలా కోపంగా ఉంది కదా,” అన్నాడు ఈషాన్, ఇల్లు తనదే అయినట్టు.

“ఉంది. నిలబడే ఉంటుంది. ఏమిటా కాగితం?”

జెమీమా టేబులు దగ్గర కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. ఫార్మా కంపెనీలో మందుల ప్రయోగాల లెక్కలు తేల్చే మనిషి. ఆమె ముందు పెట్టిన ఏ అంకెనైనా రెండుసార్లు చూస్తుంది. ఆ కాగితాన్ని మాత్రం చూడకుండా ముందుకు తోసింది.

“సైన్ చేస్తే శనివారం ఆయన్ని న్యూఆర్క్ ఎయిర్‌పోర్టుకి పంపిస్తారట అంకుల్. సాయంత్రం ఐదు లోపల చేయాలట. లేకపోతే అక్కడే, వాళ్ల గవర్నమెంట్ గ్రేవ్‌యార్డ్‌లో...”

భీమశంకరం గారు కాగితం అందుకుని, పురాణం చదివినంత గంభీరంగా చదివారు. మృతుడు ‘మద్యం సేవించిన స్థితిలో’ ఉదయం ఆరు పదికి ఒంటరిగా ఈతకు దిగెను. జేబులోని ఫోను, గది తాళంతో సహా సముద్రంలో పోయెను. ఇందులో అన్యుల ప్రమేయం లేదని భార్య అంగీకరించుచున్నది. రెండవ శవపరీక్ష కోరబోదు. పత్రికలతో మాట్లాడబోదు.

“మద్యం,” అన్నారాయన.

“ఆయన దగ్గుమందు కూడా లేబుల్ చదివి, ఆల్కహాల్ లేకపోతేనే తాగేవారు,” అంది జెమీమా. కన్నీరు లేదు. దవడ ఎముక కదులుతోంది.

జూడ్ ఆ ద్వీపానికి వినోదానికి వెళ్లలేదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వాళ్ల తెలుగు చర్చి నుంచి ముప్పైరెండు కుటుంబాలు అక్కడి రిసార్టులో నాలుగు రోజుల ఆత్మీయ సదస్సు జరుపుకోవాలనుకున్నాయి. ముందుగా చూసి రమ్మని జూడ్‌నూ, అతని స్నేహితుడు షాలేం రాజునూ పంపారు. షాలేం రాజు ఒక్కడే తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఎవరికీ ముఖం చూపించకుండా దేశం అవతలి ఒడ్డున శాన్ రామన్‌లోని అన్నయ్య ఇంట్లో దాక్కున్నాడు. మూడు రోజుల బతిమాలింపు తరువాత భీమశంకరం గారితో ఒకే ముక్క అన్నాడు: “పడవల జెట్టీ దగ్గర ఒకటి చూశాం అంకుల్. ఫోన్‌లో చెప్పలేను. వచ్చి చెప్తాను.” ఇవాళ వస్తున్నాడు.

“అంకుల్, లిజన్,” అన్నాడు ఈషాన్. “అక్కడ టెన్ ఫ్యామిలీస్‌లో సెవెన్ ఫ్యామిలీస్ టూరిస్టుల మీదే బతుకుతారు. వచ్చే సోమవారం మన గవర్నమెంట్ ట్రావెల్ అడ్వైజరీ రివ్యూ ఉంది, ఏ దేశం ఎంత సేఫో చెప్పేది. ఇప్పుడు లెవెల్ టూ. అమెరికన్ టూరిస్టుని ఎవరో చంపేశారు అని హెడ్‌లైన్ వస్తే లెవెల్ త్రీ. అప్పుడు క్రూయిజ్ షిప్స్ ఆగవు, పక్క ఐలాండ్‌కి పోతాయి. హోటల్‌లో బెడ్స్ వేసే ఆంటీలు, టాక్సీ అంకుల్స్... వాళ్లు ఏం తప్పు చేశారు?”

ఆ మాటలో నిజముంది. భీమశంకరం గారికి ఒళ్లు మండింది కూడా అందుకే. అబద్ధాన్ని తోసిపారేయవచ్చు, అబద్ధానికి కాపలా కాసే నిజాన్ని ఏం చేయాలి?

“పక్కలు వేసే తల్లి పేరు చెప్పి అక్కడి మంత్రికి పట్టెమంచం వేస్తున్నావు బాబూ. వాళ్ల ఎన్నికలెప్పుడు?”

“డిసెంబర్ ఫోర్టీన్.”

“అడ్వైజరీ తేదీ తెలుసు, ఎన్నికల తేదీ తెలుసు. జూడ్ పుట్టినరోజు ఎప్పుడో తెలుసా?”

ఈషాన్ చెవులు ఎర్రబడ్డాయి. “అది ఫెయిర్ కాదు అంకుల్.”

“కాదు. ఫోను పోయింది, గది తాళం పోయింది, మనిషి పోయాడు, ఇప్పుడు పరువు కూడా కాగితం మీద రాసిమ్మంటున్నావు. ఏది ఫెయిరో నువ్వే చెప్పు.”

“ఫోటో కార్డ్ లేకుండా ఎవరు నమ్ముతారు?” ఈషాన్ గొంతు కూడా లేచింది. “మీ షాలేం రాజు వన్ ఫార్టీకి ల్యాండ్ అయి స్టోరీ చెప్తారు, ఓకే. ప్రూఫ్ ఏది?”

భీమశంకరం గారు చేతిలోని కాగితం టేబులు మీద పెట్టేశారు.

విమానం ఒకటి నలభైకి దిగుతుందన్న సంగతి భూమండలం మీద ముగ్గురికే తెలియాలి. షాలేం రాజుకు, జెమీమాకు, స్వయంగా పికప్ చేసుకోవడానికి పన్నెండు యాభైకి బయలుదేరవలసిన భీమశంకరం గారికి. ఇక జూడ్ కెమెరా కార్డు పోయిన సంగతి జెమీమాకూ ఆయనకూ తప్ప తెలియదు. సోమవారం ఈ ఇంట్లో జరిగిన దొంగతనం గురించి పోలీసు రిపోర్టులో ఉన్నదల్లా ‘విలువైనదేదీ పోలేదు, కొంత బియ్యం ఒలికినది’ అన్న ఏకవాక్య కావ్యం.

“నువ్విక్కడే కూర్చో,” అన్నారాయన, ఇందాకటికన్నా చాలా మెల్లగా. “అమ్మా, వంటగది చూపించు.”

వంటగది తలుపు పక్కన అరమీద ఒకే పరిమాణం గల ఆరు తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా ఉన్నాయి. వాటి మీద జెమీమా చేతిరాత: కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, గోధుమపిండి, పెసలు, బియ్యం. ఏదీ తుడవవద్దని ఆయన ఫోనులో ముందే ఆజ్ఞాపించారు. బియ్యం డబ్బా మూత నేల మీద వెల్లకిలా పడి ఉంది. దాని చుట్టూ దోసెడు గింజలు. మిగిలిన ఐదు మూతల మీదా పది రోజుల సన్నని పిండిదుమ్ము, వేలిముద్ర కూడా పడకుండా అలాగే ఉంది.

ఆయన మోకాళ్ల మీదికి వంగారు. పడకగదిలో బీరువా తెరవలేదు. జెమీమా గొలుసు అద్దం ముందే ఉంది. ఒక్క సొరుగు కూడా బయటికి లాగి లేదు. వెనక గాజు తలుపు గొళ్లెం ఎత్తిన మనిషి, నేరుగా పద్నాలుగు అడుగులు నడిచి, ఆరు డబ్బాల్లో ఒక్కటే తీసి, వచ్చిన దారినే వెళ్లాడు. పైగా, డబ్బాల మీద తెలుగు చదివి మరీ తీశాడు.

“సోమవారం సాయంత్రం నువ్వు ఇంట్లో లేనిది ఎంతసేపు?”

“సిక్స్‌కి చర్చిలో ప్రేయర్ మీటింగ్. సెవెన్ టెన్‌కి వచ్చేశాను.”

“కార్డు ఎప్పుడు దొరికింది?”

“ఆదివారం రాత్రి. ఐలాండ్ నుంచి ఆయన సూట్‌కేస్ వచ్చింది కదా, సాక్స్ మడతలో ఉంది. కెమెరా కార్డు. నా దగ్గర రీడర్ లేదు, మీకే ఇద్దామని జిప్‌లాక్‌లో పెట్టి బియ్యంలో దాచాను.”

“ఎవరికి చెప్పావు?”

“ఎవ్వరికీ చెప్పలేదు అంకుల్.”

“మీ అమ్మగారికి?”

“లేదు.”

“షాలేం రాజుకి?”

“లేదంటే లేదు! నాకా మాత్రం తెలియదా?” జెమీమా కోపం ఆయన కోపాన్ని ఎదుర్కొంది. “నేను లెక్కల మనిషిని అంకుల్. డేటా బయటికి పోనివ్వను. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.”

భీమశంకరం గారు నేల మీది గింజను ఏరబోతూ ఆగారు.

“దేవుడికి ఏ సమయంలో చెప్పావమ్మా?”

“పొద్దున్నే. ఫైవ్ థర్టీకి ప్రేయర్ లైన్‌లో.” ఆమె అదేదో కాఫీ తాగినంత మామూలుగా చెప్పింది. “మా చర్చివాళ్లందరం ఫోన్ కాన్ఫరెన్స్‌లో కలుస్తాం. వాక్యం, పాట, చివర్లో విజ్ఞాపనలు. ఎవరి భారం వాళ్లు చెప్పుకుంటాం. సోమవారం నేను కార్డు దొరికినందుకు స్తోత్రం చెప్పి, బియ్యం డబ్బాలో పెట్టాను, కాపాడమని ప్రార్థించండి అన్నాను. సాయంత్రం చర్చికి వస్తున్నానని కూడా...”

“ఆ లైనులో దేవుడు కాక ఇంకా ఎంతమంది ఉంటారు?”

“ఫార్టీ సిక్స్.”

ఆయన లేచి నిలబడ్డారు. మోకాలు ఒకటి పటుక్కుమంది. వాషింగ్టన్ సోఫా మీద కూడా రానంత కోపం వచ్చింది. ఎవరి మీద వచ్చిందో మాత్రం తెలియలేదు. నలభై ఆరుమంది చెవుల ముందు నోరు తెరిచి, దాన్ని ఎవరికీ చెప్పకపోవడమని మనస్ఫూర్తిగా నమ్మిన ఈ గణాంకవేత్త మీదా? పన్నెండు రోజులుగా ఆమెను ప్రతి ప్రశ్నా అడిగి, ఈ ఒక్కటి అడగని మహా డిటెక్టివు మీదా?

“ఇవాళ పొద్దున ఏం విజ్ఞాపన చేశావు?”

జెమీమా పెదవులు తెల్లబడ్డాయి. “షాలేం తమ్ముడు... ఒకటి నలభైకి న్యూఆర్క్‌లో దిగుతున్నాడని. మీరు పికప్ చేస్తారని. క్షేమంగా చేరాలని.”

“లైను నడిపేదెవరు? ఫోను కలిపి స్పీకరు పెట్టు.”

వసంతకుమారి గారు రిటైరైన నర్సు, ఆ ప్రార్థనా లైనుకు పదకొండేళ్లుగా అధిష్ఠాత్రి. ఎవరి వెనక కుక్కర్ కూతపెట్టినా పేరు పెట్టి మందలించి మ్యూట్ చేయగల ఏకైక అధికారిణి.

“ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాం.”

“నమస్కారమండీ. అదే నా భయం. మీ లైనులో ఎవరెవరు చేరారో మీకు కనిపిస్తుందా?”

“ఎందుకు కనిపించదూ! నా స్క్రీన్ మీద పేర్లన్నీ వస్తాయి. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ఆమెన్ ముందే కట్ చేశారో కూడా.”

“ఇవాళ ఎంతమంది?”

“నలభై ఏడు.”

“నలభై ఆరని జెమీమా అంటోంది.”

“ఆ అమ్మాయి తన రెండో ఫోన్ లెక్కపెట్టుకోదు బ్రదర్. జూడ్ ఫోన్. జూడ్ పోయిన మర్నాడు, ఆ శనివారం నుంచి రోజూ అది కూడా లైన్లోకి వస్తోంది. ఐదు ముప్పై ఒకటికి వచ్చి చివరి దాకా మ్యూట్‌లో ఉంటుంది. పాపం, భర్త ఫోన్ గుండెకి పెట్టుకుని కూర్చుంటోందనుకున్నా. అలాంటిది ఎలా అడుగుతాం చెప్పండి? నేనూ అడగలేదు, ఇంకెవర్నీ అడగనివ్వలేదు.”

జెమీమా ఫోను వైపు వంగింది. “నా దగ్గర ఆయన ఫోన్ లేదు ఆంటీ.”

పోలీసు నివేదిక ప్రకారం పన్నెండు రోజుల కిందట శుక్రవారం ఉదయం ఆరు పదికి యజమానితో సహా జలసమాధి అయిన ఫోను, మర్నాడు శనివారం తెల్లవారేసరికి ప్రార్థనకు హాజరైంది. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. భీమశంకరం గారు ఏ రోజు ఎక్కడికి వెళ్లబోతున్నారో, ఎవరిని కలవబోతున్నారో, ఆ విధవరాలి నోటితోనే విన్నది. ఆమె ఏడుస్తూ చెప్పినవన్నీ ఎవరో నోట్సు రాసుకున్నారు.

ఆయన హాల్లోకి వచ్చేసరికి ఈషాన్ లేచి నిలబడ్డాడు. ఆ చిన్న మనిషి ముఖంలో ఏదో చూసి ఒకడుగు వెనక్కి కూడా వేశాడు.

“‘పరిశుద్ధుల సహవాసములో విజ్ఞాపన చేయుచు ఆదరణ పొందితిమి.’ దీనికి అర్థమేమిటి?”

“వాట్?”

“చెప్పు!”

“సహవాసం అంటే... హనీమూన్ లాగానా? అంకుల్, నాకు ఇంత తెలుగు రాదు!”

రాదు. ఆ బిత్తరపోవడాన్ని ఏ నటుడూ తెచ్చుకోలేడు. రోజూ పొద్దున్నే అరగంట బైబిలు తెలుగును విని, అందులోంచి బియ్యం డబ్బానూ విమానం వేళనూ ఏరుకున్న చెవులు ఈ కుర్రవాడివి కావు.

“నీకు ఈ సమాచారమంతా ఎలా వస్తోంది?”

“బోర్డు నుంచి బ్రీఫ్ వస్తుంది. రోజూ సెవెన్ ఓ క్లాక్, ఈమెయిల్. సోర్స్ చెప్పరు. నేను అడగలేదు.” అతను ఫోను తీసి మెయిల్స్‌ను వెనక్కి జరుపుకుంటూ వెళ్లాడు. సోమవారం దగ్గర వేలు ఆగింది. పైకి చదవసాగాడు: “మెమొరీ కార్డ్, వైఫ్ దగ్గర ఉంది. కిచెన్, రైస్ కంటెయినర్. సాయంత్రం సిక్స్ టు సెవెన్ ఇంట్లో ఎవరూ...” అతను ఫోను కిందికి దించాడు.

“చదువు. ఆగిపోయావేం? పొద్దున ఏడింటికి చదివావు, సాయంత్రం ఆరింటికి తలుపు తెరుచుకుంది. మధ్యలో పదకొండు గంటలున్నాయి బాబూ. భోజనం చేశావా ఆ రోజు?”

“ఐ థాట్... ఇంటర్వ్యూస్ చేసి రాశారనుకున్నాను. రోజుకి ముప్పై మెయిల్స్ చదువుతాను అంకుల్.”

“అడగకపోవడానికి నీకు జీతమిస్తున్నారు. ఒక దేశం తన సముద్రాన్ని అమ్ముకోవాలంటే అడగనివాడొకడు కావాలి. సూటు వేసుకున్నవాడైతే మరీ మంచిది.”

జెమీమా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. “అంకుల్, టైం.”

గోడ గడియారం ఒకటి ఇరవై రెండు చూపిస్తోంది. పన్నెండు యాభైకి బయలుదేరవలసిన మనిషి తన కోపాన్ని అనుభవిస్తూ అరగంట ఇక్కడే నిలబడ్డాడు. జెమీమా తన ఫోనులో విమానం వివరాలు చూసి కెవ్వుమంది. అది నలభై రెండు నిమిషాలు ముందే, పన్నెండు యాభై ఎనిమిదికే దిగింది.

భీమశంకరం గారు షాలేం రాజు నంబరు నొక్కి స్పీకరు పెట్టారు. మొదటి రింగుకే ఎత్తాడు.

“అంకుల్! వందనాలు. ఫ్లైట్ ముందే వచ్చేసింది. బ్యాక్‌ప్యాక్ ఒక్కటే కదా, వెంటనే బయటికి వచ్చేశా. మీకు కుదరలేదంట కదా, పర్లేదు.”

“ఎవరన్నారు కుదరలేదని?”

“మీరు పంపిన బ్రదర్. నా పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడ్డారు. కార్లోనే ఉన్నాం, టర్న్‌పైక్ హైవే ఎక్కేశాం. చాలా మంచాయన అంకుల్, పాటలు కూడా వచ్చు.”

ఈషాన్‌కు ఈ తెలుగు అర్థమైంది. అతని ముఖంలో రక్తం లేదు.

భీమశంకరం గారి మెదడులో తెలిసిన భాషలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. తెలుగు పనికిరాదు, ఇంగ్లీషు పనికిరాదు. కార్లో ఉన్నవాడికి రెండూ వచ్చు. కారు ఆపించడానికి ఒక అబద్ధమే మిగిలింది.

“షాలేం, నాకు కడుపులో తిప్పుతోందయ్యా. దారిలో ఎక్కడైనా కారు ఆపమను, ఫార్మసీలో ఒక మందు...”

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు. తరువాత ఒక మృదువైన, తీరిక గల కంఠం, కోస్తా యాసలో, పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాదతో వినిపించింది.

“ఆరోగ్యం జాగ్రత్తండీ భీమశంకరం గారూ. పొద్దున మీ పేరు కూడా ప్రార్థనలో విన్నాను. జెమీమా సిస్టర్ అక్కడే ఉన్నారా? ఆ కాగితం మీద ఐదింటి లోపల సంతకం పెట్టేయమనండి. తమ్ముణ్ణి క్షేమంగా ఇంటి దగ్గర దింపుతాను. పోలీసులతో చెబితే మాత్రం నేను దారి తప్పుతానండీ. నాకు ఈ ఊరి రోడ్లు సరిగా తెలియవు.”

“అంకుల్? ఈయన ఏమంటున్నారు అంకుల్?” షాలేం రాజు గొంతు దూరంగా వినిపించింది. ఆ వెంటనే లైను తెగిపోయింది.

మొదట కదిలింది జెమీమా. టేబులు దగ్గరికి నడిచి, కుర్చీ లాక్కుని, పెన్ను మూత తీసింది. తాగుబోతు అని రాసి ఉన్న వాక్యం కింద తన పేరు కోసం వదిలిన ఖాళీ గీతను చూసింది.

ఈషాన్ ఒక్క అంగలో వచ్చి, తను మోసుకొచ్చిన ఆ కాగితం మీద అరచేయి పరిచాడు. “సైన్ చేయొద్దు అక్కా. ప్లీజ్. సైన్ చేస్తే ఇక వాళ్లకి షాలేం అవసరం లేదు. మీరూ అవసరం లేదు.”

జెమీమా తలెత్తలేదు.

“తియ్యి,” అంది. “షాలేం తమ్ముడి ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. చెయ్యి తియ్యి.”